రంపానికి పట్టే బంక

తమ్ముళ్లూ, హాస్టల్ వదిలాక నాకు పని దొరికింది కోత మిల్లులో. టేకు, వేపతోపాటు న్యూజిలాండ్ నుంచి ఓడల్లో వచ్చే పైన్ దుంగలూ కోస్తాం. తంటా అంతా పైన్‌తోనే. దాని బంక రంపం పళ్ల సందుల్లో పేరుకుని పొట్టును పట్టేస్తుంది. రాపిడికి బ్లేడు వేడెక్కి కోత వంకరపోతుంది. పలక వంకరైతే కూలి తగ్గుతుంది. బ్లేడు తెగితే చేతులే పోవచ్చు.

మా మేస్త్రీ బ్లేడుకు రెండువైపులా డీజిల్‌తో తడిపిన ఫెల్టు ఆనిస్తాడు. చుక్కలు చాలు, ఎక్కువైతే చెక్కకు మరక. మొద్దుబారిన పన్ను కోయదు, రుద్దుతుంది. అందుకే సాన ముందే పట్టాలి. బంక నీళ్లకు కరగదు, కిరోసిన్‌కు కరుగుతుంది. సైన్సు పాఠంలోని ద్రావణి నాకు ఇక్కడే అర్థమైంది! మోటారు ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచాకే గుడ్డతో తుడుస్తాం. ఆ గుడ్డను పొట్టు దగ్గర వదలం, మూతున్న ఇనుప డబ్బాలో వేస్తాం.