కదిరి లేపాక్షి అంటే బస్సు రూటు కాదు

మా మామది అనంతపురం దగ్గర ఎర్రనేల సేద్యం. బోరు లేదు, వానే దిక్కు. ఆ వానా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మొన్న ఆయన ఒక వార్తల సైటులో కదిరి లేపాక్షి అని కొట్టాడట. నరసింహస్వామి గుడి, లేపాక్షి నంది, బస్సు టైములు వచ్చాయి. "ఏమప్పా, విత్తనం అడిగితే తీర్థయాత్రకు పొమ్మంటాండాది మీ కంప్యూటరు" అన్నాడు.

కదిరి లేపాక్షి వేరుశనగ రకం. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-1812.

సెర్చ్ ఇంజన్ ఇండెక్సులో ఏ పదం ఏ పేజీలో ఉందో, ఆ పేజీలో ఎన్నో పదమో కూడా రాసి పెట్టుకోవచ్చు. కొటేషన్ మార్కులు పెడితే ఆ రెండో లెక్క చూస్తుంది: "కదిరి" 7వ పదమైతే 8వది "లేపాక్షి"యేనా అని. కానీ మా మామ కొటేషన్లు పెట్టడు. ఆ మాటకొస్తే మనలో ఎంతమంది పెడతాం? కాబట్టి పదాలు పక్కపక్కన దొరికిన పేజీకి స్కోరు పెంచే పని రాసేవాడిదే. లూసీన్‌లో నాలుగు లైన్ల కోడు, అంతే.

అసలు తలనొప్పి "వేరు శనగ"తో. ఉరవకొండ వైపు నల్లరేగడిలో శనగ కూడా వేస్తారు. దానికి వేరు కుళ్ళు తెగులు వస్తుంది. పదాలు కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదని స్లాప్ 2 ఇచ్చామనుకోండి, లూసీన్ "శనగ వేరు"ని కూడా ఒప్పేసుకుంటుంది. తెగులు ఒక పంటది, మందు ఇంకో పంటకి! డబ్బులు మాత్రం మామవి. పోనీ సున్నా ఇస్తే, కలిపి రాసిన "వేరుశనగ" ఒకే పదం కాబట్టి దొరకదు. "వేరు శనగకు" అని విభక్తి తగిలించినా దొరకదు.

నా మటుకు నాకు దీన్ని ఫ్రేజ్ క్వెరీ మీదకి నెట్టడం నచ్చదు. ఇండెక్సు చేసేటప్పుడే వేరు శనగ, వేరుశనగ, వేరుసెనగ, సెనక్కాయ, బుడ్డలు, పల్లీ అన్నిటినీ ఒక్క టోకెన్ చేసెయ్యాలి. క్వెరీకీ అదే వడపోత. ఈ జాబితా ఏ స్టెమ్మరూ ఇవ్వదు, సీమలో సంతకెళ్ళినవాడే రాయాలి. సగం మామే చెప్పాడు.

ప్రస్తుతం కదిరి-6 దగ్గర ఆగాను. టోకెనైజరు హైఫన్ దగ్గర విరిచేస్తోంది. ఇక 6 ఎకరాలూ, 6 బస్తాలూ, 6 గంటల బస్సూ అన్నీ వరసలో నిలబడుతున్నాయి.