మెయిలు పెడితే గడువు ఆగుతుందా?

హైదరాబాదులో అన్నీ ఉన్నాయి గానీ సముద్రం ఒక్కటే లేదని మనలో వాపోని వాడుండడు. ఆ లేని సముద్రం తగువొకటి నాకు పరిచయమైంది శంషాబాద్ విమానాశ్రయంలో. 2019 జూన్‌లో బావని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు.

బావ వాళ్ళు అంతకుముందు ఏడాది సిడ్నీకి మకాం మార్చారు. సామాను చెన్నై రేవు నుంచి ఓడలో వెళ్ళింది. 2018 ఏప్రిల్ నెలాఖరుకి చేతికొచ్చింది. విప్పి చూస్తే నాలుగు పెట్టెల్లో ఉప్పునీళ్ళు. బట్టలూ పుస్తకాలూ సరే, ఒకదాంట్లో అక్క బొబ్బిలి వీణ ఉంది. ఒకే పనస దుంగలో తొలిచింది, అమ్మమ్మ వాయించింది. కుండ దగ్గర నిలువునా పగిలిపోయింది.

కారు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కేలోపే అడిగాను, "ఆ క్లెయిము ఏమైంది బావా?" అని.

"మెయిళ్ళు నడుస్తున్నాయిరా. చూస్తున్నాం అంటున్నారు. పాపం చాలా మర్యాదగా రాస్తున్నారు."

వేళ్ళ మీద లెక్కేశాను. పద్నాలుగో నెల! మన టికెట్లలో 'పని జరుగుతోంది' అని స్టేటస్ పెట్టి పక్కన పడేసినట్టే ఉంది ఇది. కాకపోతే మన టికెట్ మళ్ళీ తెరుచుకుంటుంది.

చెన్నైలో లాయరుగా ఉన్న నా క్లాస్‌మేట్‌కి ఆ రాత్రే ఫోన్ చేశాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఏడాదిలోపు గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడిగారా?" ఎవరూ అడగలేదు. అలా అడగొచ్చని మాకు తెలిస్తే కదా.

సంగతేంటంటే, మన రేవుల నుంచి బయల్దేరే సరుక్కి అప్పుడు వర్తించేది 1925 నాటి చట్టం. సరుకు అందిన రోజు నుంచి, లేదా అందాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దావా పడకపోతే ఓడవాడి బాధ్యత పూర్తిగా పోతుంది. (2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసినా ఈ ఏడాది లెక్కని కదపలేదు.) నష్టం జరిగాక ఇద్దరూ ఒప్పుకుంటే ఆ గడువు పెంచుకోవచ్చు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు ఇది మామూలుగా అడిగి పుచ్చుకుంటారట. 'పరిశీలిస్తున్నాం' అన్న మెయిలు మాత్రం పొడిగింపు కాదు. 1993లో చేసిన సవరణ పుణ్యమా అని ఇంకో చిన్న కిటికీ ఉంది: కోర్టు అనుమతిస్తే మరో 3 నెలలు, అంతకు మించి లేదు. అంటే బావకి మిగిలింది జూలై నెలాఖరు దాకా.

దావా వేస్తే అయిపోయిందనుకున్నాను. అక్కడ రెండో గడియారం మొదలవుతుంది. సమన్లు అవతలివాడికి అందాలి. కంపెనీది యూరప్. ఇక్కడి ఏజెంటుని అడిగితే సమన్లు పుచ్చుకునే అధికారం నాకు లేదన్నాడు. ఇక మిగిలింది హేగ్ ఒప్పందం దారి. మన దేశానికి అది 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. కాగితాలు వాళ్ళ భాషలోకి అనువదించి, ఆ దేశంలో నియమించిన అధికారికి పంపి, ఎదురు చూడాలి. సమన్లు అందకుండా తిరిగొస్తే 7 రోజుల్లో కొత్తవాటికి దరఖాస్తు పెట్టుకోవాలి, లేకపోతే దావా కొట్టేస్తారు. ఎంత వెతికినా చిరునామా దొరకలేదనో, వాడు తప్పించుకు తిరుగుతున్నాడనో చూపిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 కింద గడువు పెంచుతారు. ఇంగ్లండులో ఇంకా బిగువు. విదేశంలో ఉన్నవాడికి దావా కాగితం అందించడానికి 6 నెలలు. అది దాటాక పొడిగింపు అడిగితే, సాధ్యమైన ప్రయత్నాలన్నీ చేశానని రుజువు చూపాలి. ఓడ కాగితాల వెనక చీమల్లాంటి అక్షరాల్లో 'తగువులు లండన్‌లోనే' అని ఉండటం మామూలేనట. బావ కాగితంలో లేదు, అదృష్టం.

ఈ సమన్ల గోల లేకుండా ఓడనే పట్టుకునే పద్ధతి ఒకటుంది. దానికి మన దేశంలో పెద్ద తీర్పు పుట్టింది సముద్రం లేని మన హైదరాబాదు హైకోర్టు కేసులోంచే! 1984 ఫిబ్రవరిలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మార్ముగోవా నుంచి సరుకు ఎత్తుకుని, అడిగిన బిల్స్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండా వెళ్ళిపోయింది. ఏప్రిల్ 13న విశాఖపట్నం రేవుకి రాగానే అరెస్టు. 14,25,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇచ్చి విడిపించుకున్నారు. బ్రిటిష్ కాలపు చట్టంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టుల పేర్లే ఉన్నాయి, మీకేం అధికారం అని వాదించారు. అధికారం ఉందని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ నాలుగు పెట్టెల కోసం ఓడని ఆపుతామంటే ఆ ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు?

జూలై రెండో వారంలో బావ దావా వేశాడు, ఆలస్యానికి అనుమతి పిటిషనుతో కలిపి. సమన్లు అక్కడ అందాయో లేదో తెలిసేలోపే కరోనా వచ్చిపడింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా దావాల గడువు లెక్కలో కలపొద్దని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. గడియారం అందరికీ ఆగింది అప్పుడొక్కసారే. బావ గడువు అప్పటికే అయిపోయింది కాబట్టి మాకు ఒరిగిందేమీ లేదు. 2021లో కంపెనీ లాయర్లే రాజీకొచ్చారు. పెట్టెకి 666.67 ఎస్‌డీఆర్‌లని చట్టంలో ఒక పరిమితి ఉంది. అప్పట్లో మన డబ్బుల్లో సుమారు 70 వేలు. అందులో సగానికి తెగింది. వీణ పెట్టెకీ అంతే, పాత చొక్కాల పెట్టెకీ అంతే.

2023లో అక్క ఆ వీణని బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చూపించడానికి తనతో పాటు విమానంలో తెచ్చింది. అతకొచ్చు గానీ పాత నాదం రాదన్నారు. శంషాబాద్‌లో బెల్టు దగ్గరే కూర్చుని పెట్టె విప్పి చూసుకుంది. జనం విసుక్కుంటున్నా వినలేదు. బావ పక్కన నిలబడి, "సామాను దెబ్బతింటే ఫిర్యాదుకి 7 రోజులు, దావాకి 2 ఏళ్ళు" అని నాకు అప్పజెబుతున్నాడు.