గుమ్మం నుండి గుమ్మం దాకా

దూరానికి మనిషి మొదట వాడిన కొలబద్ద కాలమే. పొరుగూరు ఎంత దూరమని అడిగితే ‘పూట ప్రయాణం’ అనేవారు పెద్దలు. విమానాలు వచ్చిన తరువాత కూడా ఆ కొలబద్ద మారలేదు. ప్రయాణికుడు అడిగేది ఎన్ని కిలోమీటర్లని కాదు, ఎన్ని గంటలని.

వరంగల్లు సమీపంలోని ధర్మసాగర్ పెద్ద జలాశయం గల ఊరు. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి జలాలు అక్కడికి చేరుతాయి. ఆ ఊరిలో ఒక వృద్ధ దంపతుల ఇంట గోడపై రెండు గడియారాలు ఉండేవి. ఒకటి స్వదేశ కాలాన్ని, రెండవది కుమారుడుండే షికాగో కాలాన్ని చూపేవి. శీతకాలంలో వాటి మధ్య భేదం పదకొండున్నర గంటలు. “చాలా దూరం బాపూ! సెలవు దొరకగానే వస్తాను” అని కుమారుడు ఫోనులో చెప్పేవాడు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఆ దూరం ఎంత? గోడపటంలో చూస్తే పడమరగా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోవాలని తోస్తుంది. గోళంపై హైదరాబాదు, షికాగోల నడుమ దారం బిగించి పట్టితే నిజం తెలుస్తుంది. ఆ దారం మధ్య ఆసియాను, రష్యాను దాటి, ఆర్కిటిక్ మహాసముద్రం, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా సాగుతుంది. గుండ్రని భూమిపై అదే దగ్గరి దారి. దాని పొడవు సుమారు 13,280 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో దాదాపు 15 గంటల ప్రయాణం. 2021 జనవరిలో ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమానం మొదలైనా, తరువాత నిలిచిపోయింది. నడుమ విమానం మారేవారికి 20 గంటలు దాటుతుంది.

లెక్క అక్కడితో ముగియదు. శంషాబాదు నుండి ధర్మసాగర్‌కు మూడు గంటల రోడ్డు ప్రయాణం. వరంగల్లుకు చేరువలోనే నిజాం కాలంలో, 1930లో నిర్మించిన మామునూరు విమానాశ్రయం ఉన్నా, 1981లో అది మూతపడింది. దాని పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతించింది.

ఒక శీతకాలపు వేకువన ఆ ఇల్లాలు కన్నుమూసింది. ధర్మసాగర్‌లో ఉదయం ఆరు గంటలు. షికాగోలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. కుమారుడు ఆ రాత్రే విమానమెక్కాడు. ఎంతసేపు ఆగుతామని బంధువులు అడిగారు. “వాడు బయలుదేరిండు, ఆగుదాం” అన్నాడు వృద్ధుడు. రెండు గడియారాలనూ మార్చి మార్చి చూస్తూ, కుమారుడు ఏ దేశం దాటుతున్నాడో మనసులో లెక్క వేసుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం కుమారుడు గుమ్మంలో అడుగు పెట్టాడు. కబురు అందినది మొదలు ముప్పై గంటలు పట్టింది. తండ్రి అతని భుజంపై చేయి వేసి, “అమ్మ ఉన్నప్పుడు వచ్చినా ఇంతే సేపు పట్టేది గదా బిడ్డా!” అన్నాడు.

అందులో నిందలేదు, లెక్క మాత్రమే ఉంది. నాలుగేళ్ళు దాటరానిదిగా తోచిన దూరం నిజానికి ముప్పై గంటలు. నగరాల మధ్య దూరాన్ని విమానం తగ్గించగలదు. బయలుదేరడానికి పట్టే కాలాన్ని తగ్గించుకోవలసింది మాత్రం మనిషే.