హగరి ఒడ్డున ఒక కడవ నీళ్ళు

మొగల్తూరులో పుట్టి పెరిగిన మాబోటివారికి నీళ్ళ గురించి ఒకరు చెప్పవలసిన పని లేదని మేము అనుకొనేవారము. ఇంటి ముందు కాలువ, ఊరి వెలుపల చేపల చెరువులు, కొంచెం దూరం పోతే పేరుపాలెం సముద్రము. గడచిన జూలైలో మేము ప్రయాణమైన నాడు కూడా ముసురు పట్టి ఉన్నది. చేలల్లో ఊడ్పులు సాగుతున్నవి. "ఏమండీ, గొడుగు మరచిపోకండి" అని ఇంటి ఇల్లాలు గుర్తు చేసింది. ఆ గొడుగు విప్పవలసిన అవసరం తిరిగి వచ్చేవరకు మాకు కలుగలేదు.

వేదాంత విద్యాలయంలో మాతో కలిసి డిప్లొమా చదివిన సేవక మిత్రుడొకరు అనంతపురంలో ఉన్నారు. వారి కుమార్తె వివాహమునకు మేమూ, మా సంఘ యువకుడొకడూ విజయవాడలో రైలెక్కి గుంతకల్లు మీదుగా వెళ్ళాము. ఈ అబ్బాయి పంపుసెట్ల మెకానిక్కు. మోటారు సైకిలు అతని చేతిలో బాగా మాట వింటుంది. పెళ్ళి అయిన మరునాడు, "ఎప్పటికైనా రాజస్థాన్ వెళ్ళి ఎడారి చూడాలి అయ్యగారూ" అన్నాడు. మిత్రుడు నవ్వి, "రాజస్థాన్ దాకా ఎందుకు నాయనా? మా జిల్లాలోనే ఉంది. నా బండి తీసుకొని హగరి ఒడ్డుకు పోయి రండి. నీళ్ళు మాత్రం ఎక్కువ పెట్టుకోండి" అన్నారు.

మేము ఒక్క లీటరు సీసా పెట్టుకున్నాము. నీళ్ళు ఎక్కడ దొరకవు గనుక!

తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరాము. కూడేరు దాటేసరికి తెల్లారింది. దారికి రెండు వైపులా ఎర్రనేల, రాళ్ళ గుట్టలు. దున్ని సిద్ధం చేసిన చేలు ఖాళీగా ఉన్నవి. వేరుశనగ వేయడానికి పదును వాన రాలేదట. రైతులు గట్ల మీద నిలబడి పడమటి వైపు చూస్తున్నారు. ఆ సమయానికి మా ఊళ్ళో రైతులు చేలో నీళ్ళు ఎక్కువైనవని గండి కొడుతూ ఉంటారు.

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటిగా అనంతపురానికి పేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. మన పశ్చిమ గోదావరిలో దానికి ఇంచుమించు రెట్టింపు పడుతుంది. కారణం కూడా మిత్రుడు చెప్పారు. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు తగిలి అక్కడే కురిసిపోతాయి, ఇవతలకు ఉత్త గాలే వస్తుంది. తూర్పు సముద్రమేమో దూరము. అక్టోబరు వానలు అంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. రెండు ద్వారాల నడుమ నిలబడి, ఏ ద్వారము నుండీ భిక్ష దొరకని మనిషి వంటిది ఆ జిల్లా.

ఉరవకొండలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాము. అక్కడి మిట్టల మీద గాలిమరలు తిరుగుతున్నవి. వాటిని తిప్పే గాలి ఎటువంటిదో ఊరు దాటాక మాకు తెలిసింది. బండిని పక్కకు నెట్టివేస్తున్నది. మా అబ్బాయి ముందుకు వంగి నడుపుతుంటే మేము వెనుక అతని చొక్కా పట్టుకొని కూర్చున్నాము. కణేకల్లు దగ్గర తుంగభద్ర ఎగువ కాలువ కనబడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ కాలువ కింద వరి పండే భూములు, కొబ్బరి చెట్లు చూసి, "అయ్యగారూ, మన ఊరొచ్చేసింది" అన్నాడు అబ్బాయి. ఆ మాట ఎంతోసేపు నిలువలేదు. బొమ్మనహాళ్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు కొంత దూరం పోయేసరికి పచ్చదనం ఆగిపోయి, ఎదుట ఇసుక లేచింది.

దర్గా హొన్నూరు, గోవిందవాడ ప్రాంతాల్లో ఉన్నవి ఈ ఇసుక దిబ్బలు. ఇవి సముద్రపు ఇసుక కాదు, వేదావతి నది ఇసుక. ఆ నదినే అక్కడివారు హగరి అంటారు. కర్ణాటకలో పుట్టి, ఉత్తరంగా పోయి తుంగభద్రలో కలుస్తుంది. పైన మారికణివె దగ్గర 1907 నాటికి ఒక ఆనకట్ట, మన రాష్ట్రంలో భైరవానితిప్ప దగ్గర 1961లో మరొక ఆనకట్ట వచ్చినవి. వానలూ తక్కువే. కనుక ఏడాదిలో ఎక్కువ కాలము నది అడుగు ఎండి ఉంటుంది. జూన్ నుండి ఆగస్టు వరకు పడమటి గాలి ఆ ఎండిన ఇసుకను లేపి తూర్పు గట్టు చేల మీద పోస్తుంది. నేడు ఇక్కడున్న దిబ్బ కొన్నేళ్ళకు అక్కడ ఉంటుంది. గాలి కాలం పోయాక రైతులు ఆ ఇసుక తోడించి చేను వెదుక్కోవాలి. అడ్డుగా చెట్ల వరుసలు పెంచిన చోట మాత్రం నేల నిలిచింది.

ఒక దిబ్బ పక్కన బండి చక్రం సగం దాకా దిగబడింది. ఇద్దరమూ పడ్డాము. దెబ్బలు తగల్లేదు గాని కళ్ళలో, చెవుల్లో, నోట్లో ఇసుక. సీసా అప్పటికే ఖాళీ. బండిని లాగి గట్టెక్కించేసరికి గంట పట్టింది. ఈ హగరికీ బైబిలులోని హాగరుకూ పేరు పోలికే తప్ప సంబంధమేమీ లేదు. అయినా, తిత్తిలో నీళ్ళు అయిపోయి బిడ్డను పొద కింద పడుకోబెట్టిన ఆ తల్లి గురించి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! దాహము ఎలా ఉంటుందో మాత్రం ఆనాడే తెలిసింది.

కొంచెం దూరంలో ఒక ఇల్లు కనబడింది. గుమ్మంలో ఒక ముసలి అవ్వ, ఆరేడేళ్ళ మనుమరాలు. "యాడనుంచి వస్తాండారు సామీ?" అని అడిగింది అవ్వ. గోదావరి జిల్లా అని చెప్పాము. "నీళ్ళ సీమ" అని, కడవలో నుండి చెంబుతో ముంచి ఇచ్చింది. తాగాము. మరొక చెంబు అడిగి తాగాము. ఆ తరువాత మేము చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉన్నది. కాలువ రేవులో కూర్చున్నట్టే కూర్చుని, చెంబు మీద చెంబు తీసుకొని ముఖము, చేతులు, కాళ్ళు కడుక్కున్నాము. అవ్వ ఏమీ అనలేదు, అడిగినదంతా ఇచ్చింది. చిన్నపిల్ల కడవలోకి తొంగి చూసి, "అవ్వా, అయిపాయనే" అన్నది. "ఊరుకో పాపా" అని అవ్వ గద్దించింది.

అప్పుడు అడిగి తెలుసుకున్నాము. కుళాయి నీళ్ళు మూడు రోజులకొకసారి. మళ్ళీ వచ్చేది ఎల్లుండి. పిల్ల తల్లిదండ్రులు బెంగుళూరికి కూలికి పోయినారు. కావలిస్తే మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఊరి నుండి తెచ్చుకోవాలి.

మేము ఏదో చెప్పబోతుండగానే మా అబ్బాయి కడవ తీసి మా చేతికిచ్చాడు. "ఎక్కండి అయ్యగారూ" అన్నాడు. పోయేటప్పుడు సులువే. నింపుకొని వచ్చేటప్పుడు ఆ పదిహేను కిలోల బరువు ఒడిలో పెట్టుకొని, గాలికి, గుంటలకు అది ఒలికి పంచె తడిసిపోతుంటే, ప్రతి చుక్కా మాకు కనబడింది. చేరేసరికి ముప్పాతిక కడవ మిగిలింది. రెండోసారి కూడా పోయి వచ్చాము. డబ్బు ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు. పిల్ల మా తడిసిన పంచె చూసి నవ్వింది. అదే మాకు క్షమాపణ.

సాయంకాలము రాయదుర్గం కోట కింద టీ తాగి, కళ్యాణదుర్గం మీదుగా తిరిగాము. ఆ దారిలో గ్రామీణాభివృద్ధి సంస్థ వారి ఆసుపత్రి ఉన్నది. విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు 1969లో అనంతపురం వచ్చి ఆ సంస్థను స్థాపించి, 2009లో అక్కడే కన్ను మూశారు. నీటి కుంటలు, బడులు, ఇళ్ళు వారి పనిలో భాగము. రాత్రి తొమ్మిదింటికి అనంతపురం చేరాము. ఆ రోజు తిరిగినది రెండు వందల కిలోమీటర్లకు పైనే.

తిరుగు రైలులో మాకు నిద్ర పట్టలేదు. ఆ అవ్వ మా జిల్లాను నీళ్ళ సీమ అన్నది. అది మొదటి నుండి అలాగే ఉన్నదా? 1832-33లో నందన కరువు వచ్చినప్పుడు గోదావరి జిల్లాల వారు కూడా తిండి లేక చచ్చిపోయారు. ఆ రోజుల్లో నరసాపురం వచ్చిన బౌడెన్, బీరు దొరలు చూసినది ఆనకట్ట లేని గోదావరినే. నది పక్కనే పారుతున్నా చేనుకు నీరు లేదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట వల్లనే మనకు ఈ పచ్చదనము. మనము మంచివారమని మన నేల పచ్చగా లేదు. వారు చెడ్డవారని వారి నేల ఎండలేదు.

నిజము చెప్పాలంటే మన ఊరికి కూడా గర్వపడే హక్కు లేదు. మనది కాలువ శివారు. వేసవిలో కాలువలు కట్టివేస్తే చెరువులో నింపుకున్న నీళ్ళే దిక్కు. సముద్రపు దాపున బోరు వేస్తే ఉప్పునీళ్ళు. అయినా ఆ కాలువలోనే చెత్త పోస్తాము.

మా మందిరం ఆవరణలోని కుళాయికి వాషరు పోయి మూడు నెలలయినది. రాత్రింబగళ్ళు కారుతూనే ఉన్నది. ఆదివారం ఆరాధనకు వచ్చినవారందరమూ ఆ తడి దాటుకొని లోపలికి పోయేవారము. రైలు దిగి ఇల్లు చేరిన సాయంత్రమే మా అబ్బాయిని పిలిచి దానిని బాగు చేయించాము. అయిదు నిమిషాల పని. అతను స్పానరు తుడుచుకుంటూ, "అవ్వ కడవ ఇప్పటికి అయిపోయి ఉంటుంది అయ్యగారూ" అన్నాడు.

బయట వాన కురుస్తూనే ఉన్నది.