వదిన రిపోర్టులో మూడు మాటలు

మా వినగడపలో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే, చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది "ఎన్నో స్టేజీ అంట?" అని. ఆ తర్వాత గొంతు తగ్గించి "ఎన్నాళ్ళంటున్నారు?" అంటారు. ఇక ఎవరికి తెలిసిన కథ వాళ్ళు ఎత్తుకుంటారు. ఫలానా ఆవిడకీ ఇదే వచ్చింది, ఏడాది తిరక్కుండా పోయింది అని. మా వదినకి రొమ్ము క్యాన్సర్ అని తేలిన వారంలో అలాంటి కథలు పదకొండు విన్నాను. వదిన అంటే మావారి అక్కయ్య. మేనరికం కాబట్టి ఈ ఊళ్ళోనే ఉంటుంది. ఆ పదకొండూ ఆవిడా వింది. ఆపరేషన్ వరకు ఎలాగో ఒప్పుకుంది గానీ ఆ తర్వాత ఇంజక్షన్లు వద్దంటే వద్దంది. "ఎలాగూ పోయేదాన్నే. పిల్ల పెళ్ళికి ఉంచిన మామిడితోట నా కోసం అమ్మించకండి" అని ఒకటే మాట. కార్డు ఉంది, చాలా ఖర్చు దాని కిందే పోతుందని అన్నయ్యగారు ఎంత చెప్పినా వినలేదు.

విజయవాడ నుంచి రిపోర్టు వచ్చాక దాన్ని నా చేతిలో పెట్టారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అదీ బి.ఏ. తెలుగు! ఛందస్సు అడిగితే చెప్తాను గానీ ఇదేం చెప్తాను? అయినా కూర్చుని ఒక్కో మాటా మావాడి చేత ఫోనులో వెతికించి, డాక్టరుగారి దగ్గర సరిచూసుకున్నాను. గడ్డ ఎంత, చంకలో ఎన్ని బిళ్ళల్లోకి పాకింది (వదినకి ఒక్కదాన్లోకే) అన్నవి పైన ఉన్నాయి. ఊరంతా అడిగే స్టేజీ వీటి నుంచే వస్తుంది. కింద మూడు మాటలున్నాయి. ఈఆర్, పీఆర్, హెర్2. వాటి గురించి మా ఇంటికి వచ్చిన ఒక్కరూ అడగలేదు.

మొదటి రెండూ గ్రాహకాలు. గ్రహించేది గ్రాహకం, చక్కటి మాట. ఒంట్లో తిరిగే ఈస్ట్రోజెన్ హార్మోను కణంలోకి వెళ్ళి ఈఆర్ అనే ప్రొటీనుకి తగులుకుంటే, పెరగమని కణానికి ఆజ్ఞ అందుతుంది. పీఆర్ ఇంకో హార్మోనుది. కొన్ని గడ్డలు ఈ తిండి మీదే బతుకుతాయి, కొన్ని దాని జోలికే పోవు. దీని వెనక పెద్ద కథే ఉంది. బీట్సన్ అనే స్కాట్లండ్ సర్జను, అండాశయాలు తీసేస్తే ముదిరిన రొమ్ము గడ్డ కూడా కరిగిందని 1896లోనే రాశాడు. తర్వాత చాలామంది అదే చేసి చూశారు. కొందరికి పనిచేసేది, ఎక్కువమందికి పనిచేసేది కాదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. 1960ల్లో షికాగోలో జెన్సన్ ఈ గ్రాహకాన్ని పట్టుకున్నాక తెలిసింది, గ్రాహకం ఉన్న గడ్డకే ఆ వైద్యం తగులుతుందని. అన్నేళ్ళూ ఎంతమంది ఆడవాళ్ళు ఊరికే కోయించుకున్నారో!

వదిన రిపోర్టులో ఈఆర్ 8కి 8. డాక్టరుగారు అది చూసి కాస్త తేలిగ్గా మాట్లాడారు. పేచీ అంతా మూడోదాని దగ్గర వచ్చింది. హెర్2 కణం పైపొర మీద ఉంటుంది. మామూలు కణంలో దాని జన్యువుకి రెండే ప్రతులు. కొన్ని గడ్డల్లో అవి లెక్కకు మించి పెరిగిపోయి, కణం ఆగకుండా చీలుతుంది. ముక్కకి రంగు వేసి చూసి సున్నా నుంచి మూడు ప్లస్‌ల దాకా వేస్తారు. మూడైతే ఉన్నట్టు, సున్నా ఒకటి అయితే లేనట్టు. వదినకి రెండు వచ్చింది. అటూ ఇటూ కానిది. అప్పుడు ఫిష్ అనే ఇంకో పరీక్షకి పంపాలి. జన్యువు ప్రతులు మెరిసే చుక్కల్లా కనిపిస్తాయట, లెక్కపెడతారు. "చేపలతో పరీక్షేంటమ్మాయ్" అంది వదిన. అన్ని రోజుల్లో ఆవిడ నవ్వింది అప్పుడే.

ఫలితం రావడానికి పది రోజులు. ఆ పది రోజుల్లో నేను చదివినదాన్లో నన్ను పట్టేసింది ఇది. హెర్2 ఎక్కువున్నవాళ్ళకి జబ్బు త్వరగా తిరగబెడుతోందని, ఆయుష్షు తక్కువని 1987లో అమెరికాలో స్లామన్ బృందం చూపించింది. 1998లో సరిగ్గా ఆ హెర్2 మీదే పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందుకి అక్కడ అనుమతి వచ్చింది. 2014లో మన బెంగళూరు బయోకాన్‌ వాళ్ళు కూడా అదే కోవ మందు తెచ్చారు. రిపోర్టులో మార్పేం లేదు, అదే మూడు ప్లస్. 1990లో చదివిన డాక్టరు మొహం వేరు, ఇప్పుడు చదివే డాక్టరు మొహం వేరు. మరి మా ఇంట్లో చెప్పిన పదకొండు కథల్లో ఎన్ని ఏ రకానివి, ఏ ఏడాదివి? ఎవరూ చెప్పలేరు. మూడూ లేని రకం మన దేశంలో పడమటి దేశాలకంటే ఎక్కువ కనిపిస్తుంది. తిరగబెడితే మొదటి కొన్నేళ్ళలోనే తిరగబెడుతుంది. బహుశా ఆ ఏడాది తిరక్కుండా పోయినావిడది అదేనేమో. ఆవిడ లెక్క వదినకి ఎలా వేస్తాం?

ఫిష్ నెగటివ్ అని వచ్చింది. హెర్2 లేదు. నేను ఇదంతా వదిన పక్కన కూర్చుని రెండు సాయంత్రాలు చెప్పాను. మంచి మాటలే ఏరి చెప్పలేదు. హార్మోను రకం నెమ్మదిది గానీ పదేళ్ళకీ పదిహేనేళ్ళకీ కూడా తిరిగి రావచ్చు, ఐదేళ్ళు దాటాయని మరిచిపోడానికి లేదని కూడా చెప్పాను. కీమో గురించి చెప్తూ యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి ఎత్తాను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయనా, అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన బృందమూ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు తయారుచేశారు. చీలే కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి, అది అందకపోతే డీఎన్ఏ తయారవదు. ఆ మందుల్లోదే మెథోట్రెక్సేట్. ఆపరేషన్ అయిన రొమ్ము క్యాన్సర్ వాళ్ళకి దానితో పాటు ఇంకో రెండు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 1976లో మిలాన్ డాక్టర్లు చూపించారు. ఇప్పుడు వదినకి ఇచ్చినవి వేరే మందులు. "భీమవరం ఆయనా!" అని మాత్రం రెండుసార్లు అంది. మర్నాడు అన్నయ్యగారితో, విజయవాడ ఎప్పుడు వెళ్ళాలో కనుక్కోమంది.

గడ్డలోని 21 జన్యువుల చురుకుదనం కొలిచి కీమో అవసరమో కాదో చెప్పే పరీక్ష కూడా ఉంది. ఖరీదు లక్షల్లో. ఇంత తెలివైన పరీక్ష మనలాంటి ఊళ్ళవాళ్ళకి అందనిదిగా ఉండటం నాకు నచ్చలేదు. బిళ్ళలోకి పాకింది కాబట్టి మేం డాక్టరుగారు చెప్పిన దారినే వెళ్ళాం.

ఇంకో సంగతి. కీమో సగంలో ఉండగా పిల్లకి వచ్చిన సంబంధంవాళ్ళు, వాళ్ళింట్లో వంశంలో ఉందట కదా అని మధ్యవర్తితో అడిగించారు. వదిన విన్నప్పుడు ఆ మొహం చూడలేకపోయాను. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం తల్లి నుంచో తండ్రి నుంచో రావడం నిజమే. కానీ రొమ్ము క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. డాక్టరుగారు మూడు తరాలవాళ్ళని అడిగారు, వదినకి తప్ప ఎవరికీ లేదు. ఇదంతా కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇచ్చాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు రెండో ఏడు. వదిన రోజూ రాత్రి అన్నం తిన్నాక లెట్రోజోల్ మాత్ర వేసుకుంటుంది. ముట్లుడిగాక కూడా ఒంట్లో కొవ్వు దగ్గర తయారయ్యే ఈస్ట్రోజెన్‌ని అది ఆపుతుంది. దానివల్ల ఎముకలు గుల్లవుతాయని కాల్షియం కూడా రాశారు. అది మాత్రం మర్చిపోతుంది. అందుకే రోజూ తొమ్మిదింటికి నేను ఫోన్ చేస్తాను.