మడమ లేవనిండు

గోల్ఫు ఆడి నడుమునొప్పి తెచ్చుకొన్నవారు నాయొద్దకు వచ్చినపుడు మొదట ఎక్స్‌రే చిత్రమునే చేతికందింతురు. నేను మాత్రము వారి బూట్లు విప్పించి, అడుగుభాగములను తిరగవేసి చూచుటతో పరీక్ష నారంభింతును.

గోలకొండ నయాఖిలా చెంతనున్న మైదానమున అనుదినమును ఆడుచుండిన విశ్రాంత ఇంజనీరొకరు, ఆట సగము ముగియకమునుపే నడుము కుడివైపున పట్టివేయుచున్నదనియు, వంగి బంతిని తీసికొనుటయే గగనమగుచున్నదనియు చెప్పుకొనిరి. ఆయన ఎడమ బూటు వెలుపలి అంచు అరిగి అణగిపోయియుండగా, దెబ్బ ముగింపున నేలపై దొరలవలసిన కుడి బూటు మునివ్రేళ్ల భాగము క్రొత్తదానివలెనే యుండెను. బోర్ల పరుండబెట్టి, మోకాళ్లు మడిచి, పిక్కలను వెలుపలికి వాల్చి చూడగా, కుడి తుంటి 40 డిగ్రీల వరకు సులువుగా తిరిగినది గాని, ఎడమ తుంటి 15 డిగ్రీల యొద్దనే బిగిసి నిలిచినది.

కటిభాగమునందలి అయిదు పూసలును ముందువెనుకలకు వంగుటకు నిర్మితములైనవి. వాని కీళ్ల పలకలు నిలువుగా ఎదురెదురై నిలిచియుండుటచే ఒక్కొక్క పూసకు ఒకటి రెండు డిగ్రీలకు మించి మెలితిరుగుటకు వీలులేదు. తిరుగవలసినవి పైన పక్కటెముకలు తగిలియున్న వీపుపూసలును, క్రింద తుంటికీళ్లును. కుడిచేతివాటపు ఆటగాడు బంతిని కొట్టువేళ కటివలయమంతయు ఎడమ తొడయెముకపై తిరుగవలెను. అప్పుడు పాదము నేలను కరచిపట్టి, తుంటి తిరుగనని మొరాయించెనా, కీలు తుప్పుపట్టిన తలుపును బలముగా త్రోసినపుడు ద్వారబంధపు మరలు పెకలివచ్చునట్లు, ఆ వేగమంతయు నడుముమీదనో మోకాలిమీదనో విరుచుకొని పడును. ఆ క్షణమున నడుముపై పడు ఒత్తిడి శరీరభారమునకు ఎనిమిదింతలకు పైబడునని కొలిచి చూచినవారు చెప్పియున్నారు.

పాదములను కదల్పరాదనియు, భుజములను మాత్రమే మెలిపెట్టవలెననియు ఇంజనీరుగారికి శిక్షకుడు నేర్పెనట. ఈ బోధ ఇరువదియేండ్ల యువకునకు చెల్లునేమో గాని అందరికిని విధిగా నేర్పుట నాకు సమ్మతము గాదు. 1949లో బస్సు ఢీకొని కటివలయమును చీలమండయు విరిగినను, మరుసటి యేడు కాళ్లకు పట్టీలు చుట్టుకొని మెరియన్‌లో అమెరికా ఓపెన్ గెలిచిన బెన్ హోగన్, 1957లో వెలువరించిన గ్రంథమున కుడిపాదమును తిన్నగా నిలిపి ఎడమపాదమును కొంత వెలుపలికి త్రిప్పుమనెను. 1986లో 46 ఏండ్ల ప్రాయమున మాస్టర్స్ గెలిచిన జాక్ నిక్లాస్ క్లబ్బును వెనుకకు ఎత్తునపుడెల్ల ఎడమ మడమను స్వేచ్ఛగా లేవనిచ్చెడివాడు.

ఇంజనీరుగారిని నా గదిలోనే, క్లబ్బు లేకుండ, వట్టికాళ్లతో నిలువబెట్టితిని. ఎడమ వ్రేళ్లను లక్ష్యము దిక్కునకు కొంత త్రిప్పించి, చేతులు వెనుకకు పోవునపుడు మడమను లేవనిమ్మని, మరలివచ్చునపుడు ముందుగా ఆ మడమనే నేలకు ఆన్చుమని చెప్పితిని. మడమ ఆనిన వెంటనే, చేతులింకను పైనుండగానే, తుంటి తనంత తాను తిరుగుటయు, చివరకు కుడిపాదము మునివ్రేళ్లపై నిలుచుటయు చూచి ఆయన ముఖము వికసించెను. తుంటిని సాగదీయు వ్యాయామములను కూడ నియమించితిని. కొన్ని వారములలో నొప్పి చాలవరకు తగ్గినది. (కాలికి తిమ్మిరి ప్రాకుచున్నను, మూత్రము పట్టు తప్పినను ఈ ఉపాయములతో కాలయాపన చేయక తక్షణమే వైద్యుని చూడవలెను.)

తిరిగి ఆటకు పోవునపుడు, శిక్షకుడు మరల మడమను బిగింపుమనునేమోయని ఆయన సందేహించిరి. మందుచీటి వెనుకనే వ్రాసి యిచ్చితిని: “ఈయన ఎడమ తుంటి 15 డిగ్రీలే తిరుగును, పాదమును దానినిబట్టి నిలుపవలెను.”