ఉన్నత పాఠశాలను గూర్చి మా యాలోచన

ఆడపిల్లను చదివింపవలయునా యని వాదించుకొన్న కాలము గడచి, ఏ బడిలో చదివింపవలయునని వాదించుకొను కాలము వచ్చినది. మంచిదే. కాని యీ రెండవ వాదము మొదటిదానికంటె తేలికయని యెవ్వరును అనుకొనరాదు. మా యింట నీ చలికాలమంతయు నిదే మాట.

మేము 2018వ సంవత్సరమున అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునకు వచ్చి, చాండ్లరు పట్టణమున కాపురముంటున్నాము. మావారు ఇచ్చటి ప్రభుత్వోన్నత పాఠశాలలో గణితము బోధింతురు. మా యమ్మాయి యెనిమిదవ తరగతి ముగించుచున్నది. తొమ్మిది మొదలు పండ్రెండు వరకు గల నాలుగు తరగతులను ఇచ్చట హైస్కూలందురు. మా పేటకు చెందిన హైస్కూలు మావారు బోధించునదియే. "నాన్నగారి బడి నాకు వద్దమ్మా! అందరును నన్ను మాస్టారి కూతురనియే చూతురు" అని పిల్ల తేల్చి చెప్పినది. ఆ బాధ మే మెరుగనిది కాదు. మా తండ్రిగారు మమ్ము బడికి పంపక, ఇంటనే కూర్చుండబెట్టి రఘువంశమును, పోతన గారి భాగవతమును చెప్పిరి. తండ్రియు గురువును ఒక్కరే యైనచో అలుగుటకైనను చోటుండదు. కావున పిల్ల కోరికను మన్నించితిమి. ఇక మిగిలినవి రెండు త్రోవలు: చార్టరు పాఠశాల, ప్రైవేటు పాఠశాల.

చార్టరు పాఠశాల మన ఎయిడెడు పాఠశాలకు దూరపు బంధువు. నడుపువారు ప్రభుత్వోద్యోగులు కారు. డబ్బు మాత్రము ప్రభుత్వముది. పిల్లలవద్ద బోధనకై రుసుము పుచ్చుకొనరాదు. నడుపుదుమని ముందుకు వచ్చినవారు ప్రభుత్వముతో నొక ఒడంబడిక వ్రాసికొందురు. ఆ పత్రమునకే చార్టరని పేరు. అరిజోనాలో నది మొదట 15 ఏండ్లకు చెల్లును. నడుమ నైదేండ్ల కొకసారి విచారణ యుండును. వ్రాసిన మాట నిలుపుకొననిచో రద్దు చేయవచ్చును. ఇట్టి చట్టమును మొట్టమొదట చేసినది మిన్నెసోటా రాష్ట్రము, 1991లో. అరిజోనా చట్టము 1994 నాటిది. చేరగోరు పిల్లలు ఖాళీలకంటె నెక్కువైనచో చీట్లు తీయవలసినదే గాని, పరీక్ష పెట్టి తెలివిగలవారిని ఏరుకొనరాదు. ఇదివరకే చదువుచున్న పిల్లల తోబుట్టువులకు మాత్రము ముందుగా చోటిత్తురు.

ప్రైవేటు బడి సంగతి మీకు చెప్పనక్కరలేదు. డబ్బు మనది, ఎన్నిక వారిది. ఐతే అరిజోనాలో దానికిని ప్రభుత్వపు సొమ్ము తోడైనది. 2011లో అంగవైకల్యము గల బాలబాలికలకై యేర్పడిన యొక పథకమును 2022లో అందరు పిల్లలకును వర్తింపజేసిరి. ప్రభుత్వ పాఠశాల వద్దనుకొన్న పిల్ల పేర నొక ఖాతా తెరచి, సాధారణముగా ఏటికి సుమారు 7,000 డాలర్లు వేయుదురు. దానితో ప్రైవేటు రుసుము చెల్లించుకొనవచ్చును.

ఈ మాట పుట్టినది మొదలు మా పేటలోని తెలుగు వనితలు రెండు పక్షములైరి. "వదినగారూ! సర్కారే డబ్బిచ్చుచుండగా చిన్న తరగతులు, చక్కని తోట గల బడి మాని, పిల్లను చార్టరులో పడవేసి అర్ధరాత్రి వరకు లెక్కలు చేయింతురా?" అని యొకరు. "ప్రైవేటులో చేర్చిన వారెవ్వరి పిల్లలు పెద్ద కాలేజీలకు పోయిరి? చార్టరులో కాలేజీ పాఠములు పదవ తరగతినాటికే చెప్పుదురు" అని మరియొకరు. ఇరువురి మాటలలోను నిజము లేకపోలేదు. కాని యెవ్వరును మా పిల్లను గూర్చి మాటలాడుట లేదు. బడి గుమ్మమున వ్రేలాడు ఫలకమును గూర్చియే మాటలాడుచున్నారు. ఏ కాలేజీలకు ఎందరు పోయిరో ఆ ఫలకముపై వ్రాసియుండును. మన తెలుగువారికి దాని ముందు నిలుచుండి ఫోటో తీయించుకొనుట యొక తీర్థయాత్ర.

మావారు మాత్రము ఉపాధ్యాయులు గనుక ఆ ఫలకమును చూచి వేరొక ప్రశ్న వేసిరి. "పండ్రెండవ తరగతిలో నింద రుత్తీర్ణులైరి సరే. వీరితో తొమ్మిదవ తరగతిలో చేరినవా రెందరు? తక్కినవా రేమైరి?" చీటి తీసి యెవ్వరినైనను చేర్చుకొను బడి, లోపల చదువు భారము పెంచిన కొలది, మోయలేని పిల్లలు తమంతట తామే జారిపోవుదురు. పొమ్మని యెవ్వరు ననరు. మిగిలినవారి మార్కులు చూచి లోకము మురియును. ప్రభుత్వ సొమ్ముతో నడచునది గనుక చార్టరు బడిలో ఏ తరగతి యం దెందరున్నారో రాష్ట్ర విద్యాశాఖవా రేటేట ప్రకటింతురు. మావారు నాలుగేండ్ల పట్టికలు ముందిడుకొని లెక్క వేసిరి. మేము చూచిన బడిలో తొమ్మిదవ తరగతి సంఖ్యలో ఇంచుమించు మూడింట రెండువంతులు పండ్రెండవ తరగతిలో కనబడినవి. ఇది గర్వింపదగిన లెక్క కాదు. ప్రైవేటు బడిలో నీ ప్రశ్నయే వేయగా, "కుటుంబములు ఊళ్లు మారుచుండును గదా" యని నవ్వి యూరకుండిరి. అచ్చటి లెక్క చూచుటకు పట్టికయే లేదు.

ఖర్చు మాటయు చెప్పవలెను. ప్రైవేటు రుసుము ఖాతాలో పడు సొమ్మునకు రెండింతలు పైబడియున్నది. చార్టరునకు రుసుము లేదు గాని, మేము చూచినదానికి బస్సు లేదు. ఉదయ సాయంకాలములు మేమే కారులో దింపి తేవలయును. పైగా ఉపాధ్యాయుల కొరకని విరాళమడుగు లేఖ యేటేట వచ్చునట. ఇచ్చట పిల్లతోపాటు ప్రభుత్వపు డబ్బును ఆ బడికే నడచిపోవును. మా పిల్ల వెడలిన, మావారి బడికి ఆ మేరకు తగ్గును. "నా జీతమిచ్చు బడిని విడిచి నా కూతురే పోయినదని సహోపాధ్యాయులతో నెట్లు చెప్పుదును?" అని వారు రెండు రాత్రులు నిదురపోలేదు. దీనికి మా యొద్ద సమాధానము లేదు. వారు మాత్రము మూడవనాడు తామే పోయి ప్రధానోపాధ్యాయులతో చెప్పి వచ్చిరి.

ఇక అసలు సంగతి. మా యమ్మాయికి నత్తి. ఇంట తెలుగులో మాటలాడునపుడు తక్కువ. తరగతిలో లేచి నిలుచున్నపుడెక్కువ. మొదటి అక్షరము నాలుకకు అంటుకొని రాదు. ఐదవ తరగతి నుండి ప్రస్తుతపు ప్రభుత్వ బడిలో మాటల శిక్షణ నిచ్చు ఉపాధ్యాయిని వారమునకు రెండు మారులు దానిని ప్రత్యేకముగా కూర్చుండబెట్టి నేర్పుచున్నది. ఇది దయాదానము కాదు. అంగవైకల్యము గల ప్రతి బిడ్డకును తగిన విద్యను ఉచితముగా ఈయవలయునని 1975లో నీ దేశమున చట్టము చేసిరి. దాని నిబంధనలలో నత్తియను మాట స్పష్టముగా వ్రాయబడియున్నది. ఏటేట తల్లిదండ్రులును ఉపాధ్యాయులును కూర్చుండి ఆ బిడ్డ కేమి చేయవలయునో పత్రము వ్రాసి సంతకములు చేయుదురు.

ప్రైవేటు బడికి పోయినపుడు ఆ యజమానురాలు ఎంతో ఆప్యాయతతో మాటలాడినది. తరగతికి పదునలుగురే పిల్లలు. కిటికీల కావల నారింజచెట్లు. మా యమ్మాయి పేరు చెప్పుటకు తడబడుచుండగా ఆమె తొందరపడక చిరునవ్వుతో వేచియున్నది. ఆ ఓర్పు మా కెంతయో నచ్చినది. మాటల శిక్షణ మాట యెత్తగా, "అట్టివారు మా యొద్ద లేరు; బయట కుదుర్చుకొనుడు. ఇచ్చట నెవ్వరును నవ్వరు, అది మాత్రము మాట యిత్తును" అన్నది. ఆమె మాటను మేము శంకింపము. కాని రేపు ఆమె మారిన, ఆ మాట యెవరి నడుగవలయును? ప్రభుత్వ ఖాతా పుచ్చుకొనునపుడు తల్లిదండ్రులు సంతకము చేయు పత్రములో నొక పంక్తి కలదు: మా బిడ్డకు విద్య చెప్పు బాధ్యతనుండి మా జిల్లా పాఠశాలలను విడుదల చేయుచున్నామని. 7,000 డాలర్లకు మారుగా మన మిచ్చునది యదియే. నత్తి లేని బిడ్డ తల్లికి అది యొక పంక్తి మాత్రమే కావచ్చును.

చార్టరు బడిలో నారింజచెట్లు లేవు. అది వెనుకటికి దుకాణముల సముదాయమట. మాతో మాటలాడిన యామె నవ్వనైనను లేదు. కాని మా పిల్ల పత్రమును చూచి, "ఇది మాకును వర్తించును. చేరిన వెంటనే తెచ్చి యిండు, వారమునకు రెండు మారులని యున్నది గదా, అట్లే జరుగును" అని కాగితము ప్రతి తీసికొన్నది. చార్టరు బడియు ప్రభుత్వ బడియే గనుక ఆ చట్టమునకు లోబడియుండక తప్పదు. జరుగకున్నచో ఎవరికి ఫిర్యాదు చేయవలయునో అడుగకయే ఒక చిన్న పుస్తకమిచ్చినది. మూడింట రెండువంతుల లెక్క మాకు జ్ఞాపకమున్నది. చదువు బరువైనచో పిల్ల మధ్యలో దిగిపోయినను మాకు సిగ్గు లేదని ఇంట ముందే చెప్పుకొంటిమి. అత్తగారు తెనాలినుండి ఫోనులో, "ప్రైవేటు మాని ఊరక వచ్చు బడికి పంపుట యేమి, మాస్టారి పిల్లకు అంత కరవా?" యని కోపగించిరి. చట్టము మాట చెప్పితిమి. "ఐతే ఆ పత్రము నాలుగు ప్రతులు తీసి పెట్టుకొనుడు" అనిరి.

ప్రైవేటు బడివారు చోటు నిలుపుటకు 500 డాలర్లు ముందు కట్టవలయునని తేది పెట్టిరి. అది చార్టరు చీట్లు తీయు దినమునకు వారము ముందు. మేము కట్టలేదు. చీట్లలో మా పిల్ల పేరు రాలేదు. వేచియుండువారి పట్టికలో పదునాలుగవదిగా నిలిచినది. నిన్నటికి తొమ్మిదవది. పిలుపు రాకున్నచో మావారి బడియే గతి. అచ్చటను ఆ చట్టమున్నది, ఆ శిక్షణ యున్నది. మా యమ్మాయి ఇందు కొప్పుకొన్నది గాని, గణితము మాత్రము నాన్నగారి తరగతిలో వేయరాదని కాగితముపై వ్రాసి తండ్రిచేత సంతకము చేయించుకొన్నది.